స్ట్రైప్డ్ థిన్ పూల్ స్పీడు పెంచాలంటే ముందు ఏ రైట్ నెమ్మదో తేల్చుకోండి

నాలుగు డిస్కులు కలిపి స్ట్రైప్ చేశాం (డేటాని ముక్కలుగా నాలుగింటి మీదా పంచడం), దాని మీద థిన్ పూల్ పెట్టాం (చోటుని ముందే ఇవ్వకుండా, రాసినప్పుడే వాల్యూమ్‌లకి ఇచ్చే ఉమ్మడి నిల్వ), లెక్క ప్రకారం ఒక్క డిస్కుకి నాలుగింతలు రావాలి, తీరా చూస్తే ఒక్క డిస్కు ఇచ్చేంత కూడా రావట్లేదు. ఎల్‌వీఎం (డిస్కుల చోటుని వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ ఏర్పాటు) థిన్ వాడేవాళ్లలో ఈ మాట అనని వాళ్లు తక్కువ. అనగానే ఒకరు షెడ్యూలర్ మార్చమంటారు, ఇంకొకరు రీడ్-అహెడ్ పెంచమంటారు, మరొకరు అసలు ఫైల్‌సిస్టమే మార్చెయ్యమంటారు. అవన్నీ తర్వాతి సంగతి. థిన్ పూల్‌లో రైట్ అంటే ఒక్క రకం కాదు, మూడు రకాలున్నాయి, మీ దగ్గర నెమ్మదిగా ఉన్నది ఏదో తేలకుండా ఏ సెట్టింగ్ మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్‌లోని ఎల్‌వీఎం థిన్ గురించి, అంటే కెర్నల్ 3.2తో 2012లో వచ్చిన డీఎం-థిన్ టార్గెట్ (కెర్నల్‌లో ఈ పని చేసే భాగం) గురించి. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నా, ఆప్షన్లకి ఒంటి అక్షరాలు కాకుండా పూర్తి పేర్లు వాడుతున్నా కాబట్టి మ్యాన్ పేజీలో వెంటనే దొరుకుతాయి.

మూడు రకాల రైట్లు

వాల్యూమ్‌లో ఇంతవరకు ఎవరూ ముట్టని చోట ఒక 4 కేబీ రైట్ వచ్చిందనుకోండి. థిన్ టార్గెట్ తన మ్యాపింగ్ బీ-ట్రీలో (వాల్యూమ్‌లోని ఏ చోటు డిస్కు మీద ఎక్కడుందో చెప్పే పట్టిక) వెతుకుతుంది, ఆ చోటికి ఎంట్రీ ఉండదు. అప్పుడు ఆ రైట్‌ని పక్కన పెట్టి పూల్‌కి ఉన్న వర్కర్‌కి అప్పజెబుతుంది. వర్కర్ ఒక ఖాళీ చంక్ (పూల్ ఒక్కసారికి ఇచ్చే చోటు ముక్క) చూస్తుంది, జీరోయింగ్ ఆన్‌లో ఉంటే (డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది) ఆ చంక్‌ని సున్నాలతో నింపుతుంది, మ్యాపింగ్‌ని మెటాడేటాలో (ఈ లెక్కలు రాసుకునే వేరే చోటు) చేరుస్తుంది, అప్పుడు గానీ మీ 4 కేబీ కిందికి దిగదు. చంక్ సైజు 512 కేబీ అయితే 4 కేబీ కోసం 512 కేబీ సున్నాలు రాసినట్టన్నమాట. పైగా పైనుంచి అప్లికేషన్ ఎఫ్‌సింక్ కొట్టిందంటే (రాసింది డిస్కు మీదికి చేరాలని అడగడం) మెటాడేటా కూడా అప్పటికప్పుడు డిస్కు మీదికి కమిట్ అవ్వాలి. ఫ్లష్ గానీ ఎఫ్‌యూఏ గానీ (రెండూ డేటా డిస్కు మీద నిలిచేలా చూసే ఆదేశాలు) వచ్చిన ప్రతిసారీ మెటాడేటా కమిట్ అవుతుంది, ఏదీ రాకపోతే సెకనుకోసారి అవుతుంది. ఇంకో సంగతి, ఈ కేటాయింపు పనంతా ఒక పూల్‌కి ఒకే క్యూలో వరుసగా నడుస్తుంది. అంటే కింద నాలుగు డిస్కులున్నా పదహారున్నా కొత్త చంక్‌లు ఇచ్చే కౌంటర్ ఒక్కటే.

రెండో రకం, అప్పటికే కేటాయించిన చంక్ మీద మళ్లీ రాయడం. మ్యాపింగ్ మెమరీలో దొరికితే నేరుగా కింది డిస్కుకి వెళ్లిపోతుంది. మామూలు స్ట్రైప్డ్ వాల్యూమ్‌కీ దీనికీ పెద్ద తేడా కనిపించకూడదు.

మూడోది స్నాప్‌షాట్‌తో (వాల్యూమ్ ఒక క్షణంలో ఎలా ఉందో దాచిపెట్టే నకలు) పంచుకున్న చంక్ మీద రాయడం. ఇక్కడ పాత చంక్ మొత్తాన్నీ చదివి, కొత్త చోట కాపీ చేసి, మ్యాపింగ్ మార్చి, ఆ తర్వాత మీ 4 కేబీ రాయాలి. 512 కేబీ చంక్ అయితే అంత చదవడం, అంత రాయడం. మూడింటిలో ఖరీదైనది ఇదే.

ఒక్క మినహాయింపు: వచ్చిన రైట్ చంక్ మొత్తాన్నీ కప్పేస్తే సున్నాలు నింపడం, పాతది కాపీ చేయడం రెండూ ఉండవు. పెద్ద ఫైల్ వరుసగా కాపీ చేసేటప్పుడు బాగానే ఉంది, డేటాబేస్ పెట్టగానే చతికిలబడింది అనేవాళ్ల అనుభవానికి సగం కారణం ఇదే.

కొలిచేటప్పుడు

ఎఫ్‌ఐఓ (డిస్కు స్పీడు కొలిచే టూల్) తీసుకోండి. కొత్తగా ఒక థిన్ వాల్యూమ్ చేసి దాని మీద ఫైల్‌సిస్టమ్ పెట్టకుండా రా డివైస్‌గానే నడపండి (అందులో డేటా ఏదైనా ఉంటే పోతుంది, చెప్పాను మరి). డైరెక్ట్=1, ఐఓఇంజిన్ లిబ్‌ఏఐఓ, ఐఓడెప్త్ 32, బ్లాక్ సైజు 4కె, ర్యాండ్‌రైట్. వచ్చిన ఐఓపీఎస్ (సెకనుకి ఎన్ని రైట్లు), లేటెన్సీ (ఒక్కో రైట్‌కి పట్టే సమయం) రాసిపెట్టుకోండి. తర్వాత వాల్యూమ్ మొత్తాన్నీ 1 ఎంబీ బ్లాకులతో వరుసగా ఒకసారి నింపేయండి, నిండాక అదే ర్యాండమ్ టెస్ట్ మళ్లీ నడపండి. మూడోసారి ఒక స్నాప్‌షాట్ తీసి, మాతృక వాల్యూమ్ మీద అదే టెస్ట్. మూడు అంకెలు చేతికొస్తాయి, పైన చెప్పిన మూడు రకాలూ ఇవే.

స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఎల్‌వీక్రియేట్‌కి స్నాప్‌షాట్ ఆప్షన్ ఇచ్చి సైజు మాత్రం ఇవ్వకండి. సైజు ఇస్తే థిన్ స్నాప్‌షాట్ కాదు, పాతకాలపు మందపాటి స్నాప్‌షాట్ తయారవుతుంది, దాని నెమ్మది వేరే లెవెల్.

రీడ్ టెస్ట్ చేసేవాళ్లు ఇంకో గోతిలో పడతారు. ఏమీ రాయని థిన్ వాల్యూమ్ నుంచి చదివితే కెర్నల్ డిస్కు జోలికే పోకుండా సున్నాలు చేతిలో పెడుతుంది. అంకెలు చూసి ఆహా అనుకుంటాం, అది మీ డిస్కుల స్పీడు కాదు, మీ మెమరీ స్పీడు. నింపాకే చదవండి.

మొదటి అంకె మాత్రమే ఘోరంగా ఉండి రెండోది బాగుంటే కేటాయింపు దగ్గర ఇరుక్కున్నారు: జీరోయింగ్, చంక్ సైజు, మెటాడేటా ఎక్కడుంది అనేవి చూడాలి. రెండోదే బాగోలేకపోతే థిన్‌ని తిట్టి లాభం లేదు, స్ట్రైప్ గానీ అలైన్‌మెంట్ గానీ డిస్కులు గానీ కారణం. మూడోది మాత్రమే పడిపోతే మీ చంక్ స్నాప్‌షాట్‌లకి మరీ పెద్దది.

టెస్ట్ నడుస్తున్నప్పుడు పక్క టెర్మినల్‌లో ఐఓస్టాట్ ఎక్స్‌టెండెడ్ మోడ్‌లో పెట్టుకోండి. ఒక్క డిస్కు వంద శాతం బిజీగా ఉండి మిగతా మూడూ గోళ్లు గిల్లుకుంటుంటే మీ పూల్ అసలు స్ట్రైప్ అవ్వలేదని అర్థం. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ చాలా మామూలు. వాల్యూమ్ గ్రూప్‌లో నాలుగు డిస్కులు ఉన్నంత మాత్రాన ఎల్‌వీఎం దానంతటది స్ట్రైప్ చేయదు, అడగకపోతే లీనియర్‌గానే పేర్చుకుంటూ పోతుంది. ఎల్‌వీఎస్‌కి ఆల్ ఆప్షన్ ఇచ్చి స్ట్రైప్స్, స్ట్రైప్ సైజు, చంక్ సైజు, డివైసెస్ కాలమ్‌లు అడగండి. థిన్ వాల్యూమ్ వరుసలో వెతకొద్దు, అక్కడ స్ట్రైప్ సంగతి తెలియదు. పూల్ పేరు చివర టీడేటా అని ఉండే దాగిన వాల్యూమ్ వరుసలో చూడండి, స్ట్రైపింగ్ ఉండేది అక్కడే.

చంక్ సైజు: ఒక్కసారే దొరికే అవకాశం

జీరోయింగ్ మార్చుకోవచ్చు, డిస్కార్డ్ (వాడని చోటు వెనక్కివ్వడం) మార్చుకోవచ్చు, మెటాడేటా పెంచుకోవచ్చు, వేరే డిస్కుకి జరపనూ వచ్చు. చంక్ సైజు మాత్రం పూల్ తయారైన క్షణంలో ఫిక్స్, తర్వాత మార్చాలంటే కొత్త పూల్ చేసి డేటా కాపీ చేసుకోవడమే. కాబట్టి ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

64 కేబీ నుంచి 1 జీబీ దాకా, 64 కేబీ గుణిజంగా ఏదైనా పెట్టుకోవచ్చు. మనం ఏమీ చెప్పకపోతే ఎల్‌వీఎం 64 కేబీతో మొదలుపెట్టి, పూల్ పెద్దదైతే మెటాడేటా మరీ పెరగకుండా చంక్‌ని తనే పెంచుతుంది. ఎల్‌వీఎం డాట్ కాన్ఫ్‌లో థిన్ పూల్ చంక్ సైజ్ పాలసీ అని ఒకటుంది, దాన్ని జెనరిక్ నుంచి పెర్‌ఫార్మెన్స్‌కి మారిస్తే 512 కేబీ నుంచి మొదలవుతుంది. నన్నడిగితే పాలసీకి వదలకుండా అంకె మీరే ఇవ్వండి, రేపు ఎవరైనా అడిగితే ఎందుకు పెట్టామో చెప్పగలగాలి.

చిన్న చంక్ వల్ల నష్టం ఏమిటంటే, థిన్ టార్గెట్ ప్రతి ఐఓని చంక్ సరిహద్దు దగ్గర ముక్కలు చేస్తుంది. 1 ఎంబీ రైట్ వస్తే 64 కేబీ చంక్ పూల్‌లో అది 16 ముక్కలు, ఒక్కో ముక్కకీ బీ-ట్రీలో ఒక వెతుకులాట. నాలుగైదు వేగమైన ఎన్‌వీఎంఈలు (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీలు) కింద పెట్టినప్పుడు ఇది సీపీయూ ఖర్చుగా బాగా కనిపిస్తుంది. తిరిగే డిస్కులైతే ఇంకో బాధ: పదిమంది వాల్యూమ్‌లు ఒకేసారి పెరుగుతుంటే చంక్‌లు కలగాపులగంగా పడతాయి, తర్వాత ఎవరో ఒకరి ఫైల్ వరుసగా చదవాలన్నా హెడ్ ప్రతి 64 కేబీకీ ఎగరాల్సి రావచ్చు. పెద్ద చంక్ ఈ రెండింటినీ తగ్గిస్తుంది, మెటాడేటానీ తగ్గిస్తుంది. కెర్నల్ డాక్యుమెంటేషన్ ఇచ్చే అంచనా లెక్క: పూల్ సైజుని చంక్ సైజుతో భాగించి 48 బైట్లతో గుణించాలి. 1 టీబీ పూల్‌కి 64 కేబీ చంక్ అయితే 768 ఎంబీ మెటాడేటా, 512 కేబీ చంక్ అయితే 96 ఎంబీ సరిపోతుంది.

పెద్ద చంక్ నష్టం పైనే చెప్పుకున్నాం: స్నాప్‌షాట్ తర్వాత ఒక్కో చంక్ మీద మొదటి రైట్ చిన్నదైనా చంక్ మొత్తం కాపీ. ఇంకోటి, చంక్‌లో ఒక్క 4 కేబీ రాసినా పూల్‌లో చంక్ మొత్తం ఖర్చవుతుంది, చెల్లాచెదురుగా రాసే అప్లికేషన్ అయితే థిన్ అన్న పేరే మిగులుతుంది.

కెర్నల్ డాక్యుమెంటేషన్ సలహా కూడా ఇదే దారిలో ఉంటుంది. ముఖ్యంగా థిన్ కేటాయింపు కోసమే వాడేవాళ్లు 512 కేబీ లాంటిది, స్నాప్‌షాట్‌లు ఎక్కువ తీసేవాళ్లు 64 కేబీ లాంటిది, జీరోయింగ్ ఆపేసినవాళ్లు ఇంకా చాలా పెద్దది పెట్టుకోవచ్చంటుంది. నా ఓటు: స్నాప్‌షాట్‌లు అరుదుగా తీసే చోట 512 కేబీ లేదా 1 ఎంబీ, రోజూ తీసే చోట 128 కేబీ లేదా 256 కేబీ, డేటాబేస్ వాల్యూమ్‌కి గంటగంటకీ తీసే చోట 64 కేబీ. 4 ఎంబీ దాటి వెళ్లాల్సిన అవసరం మామూలు సర్వర్లలో రాదు.

స్ట్రైప్‌కీ చంక్‌కీ లెక్క కుదరాలి

స్ట్రైప్ సైజు అంటే ఒక డిస్కు మీద రాసి పక్క డిస్కుకి వెళ్లేలోపు పట్టే మొత్తం. డిఫాల్ట్ 64 కేబీ, అంకె రెండుకి ఘాతంగానే (32, 64, 128 లాంటిది) ఉండాలి. నాలుగు డిస్కులు, 64 కేబీ అంటే పూర్తి స్ట్రైప్ వెడల్పు 256 కేబీ.

చంక్ 256 కేబీ పెడితే ప్రతి చంక్ నాలుగు డిస్కుల మీదా ఒక్కో వంతు పడుతుంది. 512 కేబీ పెడితే రెండేసి వంతులు. 64 కేబీ పెడితే ఒక్కో చంక్ ఒక్కో డిస్కు మీద పడుతుంది, అదీ తప్పేం కాదు, చిన్న ర్యాండమ్ ఐఓలకి బాగానే పంచుతుంది. ఇబ్బందంతా గుణిజమూ కాకుండా భాగమూ కాకుండా ఉన్నప్పుడే. మూడు డిస్కులు, 64 కేబీ స్ట్రైప్ ఉన్నచోట అలవాటుగా 256 కేబీ చంక్ పెట్టారనుకోండి, వెడల్పేమో 192 కేబీ, ప్రతి చంక్‌లోనూ ఏదో ఒక డిస్కుకి రెండు వంతులు పడతాయి. ఉత్త స్ట్రైపింగ్‌లో ఇది ప్రాణం తీసే సమస్య కాదు గానీ, కింద రైడ్ 5 గానీ 6 గానీ ఉంటే మాత్రం చంక్ పూర్తి వెడల్పుకి గుణిజం కావాల్సిందే, లేకపోతే ప్రతి చంక్ అంచు దగ్గరా సగం స్ట్రైప్ రాయడం, దానికోసం పాత డేటా, ప్యారిటీ (డిస్కు పోతే డేటా తిరిగి కట్టేందుకు ఉంచే లెక్క) చదువుకోవడం తప్పదు. చంక్ రెండుకి ఘాతంగా ఉండాలన్న నియమం లేదు, 64 కేబీ గుణిజమైతే చాలు, మూడు డిస్కులకి 192 కేబీ నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

స్ట్రైప్ సైజు ఎంత అనేది మీ ఐఓని బట్టి. డేటాబేస్ 8 కేబీ, 16 కేబీ పేజీలు రాస్తుంటే ఒక్కో పేజీ ఒక్క డిస్కుతో తేలిపోవాలి, దానికి 64 కేబీ చాలు. పెద్ద ఫైళ్లు వరుసగా చదివేచోట 256 కేబీ దాకా పెంచి చూడొచ్చు. ఈ అంకె మీద వాదించుకునే సమయం చంక్ మీద పెడితే ఎక్కువ లాభం.

ఇక అలైన్‌మెంట్. ఎల్‌వీఎం డేటాని డిస్కు మొదటి నుంచి 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతుంది, మామూలు డిస్కులకి, ఎస్‌ఎస్‌డీలకి అది చాలు. కింద హార్డ్‌వేర్ రైడ్ ఉండి దాని వెడల్పు 1 ఎంబీని సరిగ్గా భాగించకపోతే పీవీక్రియేట్ దగ్గరే డేటా అలైన్‌మెంట్ ఆప్షన్‌తో సరిచేసుకోండి, పీవీఎస్‌లో పీఈ స్టార్ట్ కాలమ్ చూసి నిర్ధారించుకోండి.

పూల్ తయారీ

ఒకే కమాండ్‌తో అయిపోయే పద్ధతి ఉంది: ఎల్‌వీక్రియేట్‌కి టైప్ థిన్-పూల్, స్ట్రైప్స్ 4, స్ట్రైప్‌సైజ్ 64కె, చంక్‌సైజ్ 256కె, పూల్ మెటాడేటా సైజు అన్నీ ఒకేసారి ఇచ్చేయడం. నాకు మాత్రం రెండు ముక్కలుగా చేసి కలపడమే ఇష్టం, ఎందుకంటే మెటాడేటా ఎక్కడ కూర్చుంటుందో మన చేతిలో ఉంటుంది.

4 టీబీ పూల్ అనుకుందాం. ముందు డేటా వాల్యూమ్: స్ట్రైప్స్ 4, స్ట్రైప్‌సైజ్ 64కె, సైజు 4టి, చివర నాలుగు డిస్కుల పేర్లు వరుసగా. తర్వాత మెటాడేటా వాల్యూమ్: 256 కేబీ చంక్ లెక్కన 768 ఎంబీ వస్తుంది, 2 జీబీ ఇచ్చేయండి. స్నాప్‌షాట్‌లు పేరుకునే కొద్దీ మెటాడేటా పెరుగుతుంది, అది నిండిందంటే పూల్ రీడ్-ఓన్లీలోకి పోయి రిపేర్ దాకా వెళ్తుంది, ఒకటి రెండు జీబీల దగ్గర పొదుపు చూసుకోవద్దు. గరిష్ఠం ఎలాగూ 16 జీబీ దగ్గర ఆగుతుంది.

మెటాడేటా ఐఓ అంటే చిన్న చిన్న ర్యాండమ్ రైట్లు, ఫ్లష్‌లు. డేటా డిస్కులు తిరిగేవైతే మెటాడేటాని ఎన్‌వీఎంఈ మీద పెట్టడం వల్ల వచ్చే లాభం ఇంకే సెట్టింగ్‌లోనూ రాదు. అయితే ఒక్క ఎన్‌వీఎంఈ మీద పెట్టొద్దు, రెండింటి మీద రైడ్ 1గా (రెండింటిలోనూ అదే డేటా) చేయండి. మెటాడేటా పోతే ఏ చంక్ ఎవరిదో చెప్పేవాళ్లుండరు, టీబీల కొద్దీ డేటా డిస్కుల మీద ఉండి కూడా లేనట్టే. ఆ తర్వాత ఎల్‌వీకన్వర్ట్: టైప్ థిన్-పూల్, చంక్‌సైజ్ 256కె, పూల్‌మెటాడేటా దగ్గర ఆ రెండో వాల్యూమ్ పేరు. రిపేర్ కోసం అంతే సైజులో ఒక స్పేర్ వాల్యూమ్‌ని ఎల్‌వీఎం తనే తయారుచేస్తుంది, గ్రూప్‌లో దానికి చోటు మిగల్చండి.

ఇప్పటికే నడుస్తున్న పూల్ అయితే దాగిన టీమెటా వాల్యూమ్ పేరు ఇచ్చి పీవీమూవ్‌తో దాన్నొక్కదాన్నే వేగమైన డిస్కుకి జరపొచ్చు, పూల్ ఆపక్కర్లేదు.

స్ట్రైపింగ్‌కి రక్షణ లేదని తెలిసిందే, నాలుగింటిలో ఒక్క డిస్కు పోయినా పూల్ పోయినట్టే. రక్షణ కావాలంటే డేటా వాల్యూమ్‌ని స్ట్రైప్డ్ బదులు రైడ్ 10గా (స్ట్రైప్‌తో పాటు ప్రతి ముక్కకీ నకలు) తయారుచేసి అదే పద్ధతిలో కన్వర్ట్ చేసుకోండి.

జీరోయింగ్ ఆపాలా

మొదటి టెస్ట్ అంకె మీద దీని ప్రభావం పెద్దది, మార్చడమేమో ఒక్క లైను: ఎల్‌వీచేంజ్‌కి జీరో ఎన్ అని ఇచ్చి పూల్ పేరు. ఆపితే ఏమవుతుందంటే, కొత్తగా ఇచ్చిన చంక్‌లో మీరు రాయని భాగంలో దాని పాత యజమాని డేటా అలాగే ఉంటుంది. ఒకే టీమ్ వాడే సర్వర్, పైన ఫైల్‌సిస్టమ్ ఉంది, అప్పుడు ఆపేయొచ్చు, ఫైల్‌సిస్టమ్ తను రాయని బ్లాకుల్ని యూజర్‌కి చూపించదు. అదే వర్చువల్ మెషీన్లకి థిన్ వాల్యూమ్‌లని రా డిస్కులుగా ఇస్తుంటే, అవి వేర్వేరు మనుషులవైతే, ఆపకండి. లోపల రూట్ ఉన్నవాడు తన డిస్కునే నేరుగా చదివి పక్కవాడి పాత ఫైళ్ల తునకలు చూడగలడు. ఆ స్పీడు కోసం ఆ టెన్షన్ పెట్టుకోవడం దండగ.

జీరోయింగ్ ఉంచుకునే మొదటి రైట్ బాధ తప్పించుకోవాలంటే ఇంకో దారి, డేటాబేస్ పెట్టబోయే వాల్యూమ్‌ని ముందే ఒకసారి మొత్తం రాసి నింపేయడం. ఆ వాల్యూమ్ వరకు థిన్ వల్ల వచ్చే చోటు ఆదా పోతుంది, లేటెన్సీ మాత్రం నిలకడగా ఉంటుంది. డిస్కార్డ్ వల్ల గానీ స్నాప్‌షాట్ వల్ల గానీ ఆ శ్రమ వృథా కాకుండా చూసుకోవాలి మరి.

ఫైల్‌సిస్టమ్ పెట్టేటప్పుడు

థిన్ వాల్యూమ్ పైకి చెప్పే ఆప్టిమల్ ఐఓ సైజు తరచూ చంక్ సైజే అయి ఉంటుంది, ఎంకేఎఫ్‌ఎస్ దాన్నే స్ట్రైప్ అనుకుని సెట్ చేసుకుంటుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేకి టోపాలజీ ఆప్షన్ ఇచ్చి మిన్-ఐఓ, ఆప్ట్-ఐఓ కాలమ్‌లు చూడండి, మీకు తెలిసిన జామెట్రీతో కలవకపోతే చేత్తో ఇచ్చేయండి. మన ఉదాహరణలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే డేటా ఆప్షన్‌లో ఎస్‌యూ 64కె, ఎస్‌డబ్ల్యూ 4. ఈఎక్స్‌టీ4 అయితే బ్లాకుల్లో చెప్పాలి: 4 కేబీ బ్లాకుకి స్ట్రైడ్ 16, స్ట్రైప్ విడ్త్ 64. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కొన్నిసార్లు లాగ్ స్ట్రైప్ యూనిట్ మరీ పెద్దది, 32 కేబీకి మార్చాను అని ఒక హెచ్చరిక ఇస్తుంది. లాగ్‌కి గరిష్ఠం 256 కేబీ, అంతకంటే పెద్ద అంకె దానికి చేరిందన్నమాట. కంగారు పడక్కర్లేదు.

అయితే చంక్ పూర్తి స్ట్రైప్ వెడల్పు కంటే చిన్నదైతే ఈ అంకెలన్నీ ఉత్తుత్తివే. ఫైల్‌సిస్టమ్ తన లెక్కలో వరుసగా ఉన్నాయనుకునే చంక్‌లు కింద ఎక్కడెక్కడో ఉంటాయి, ఆ అలైన్‌మెంట్ చంక్ లోపలి వరకే నిజం. అలాంటప్పుడు చంక్ సైజుకి అలైన్ చేసి వదిలేయడం మేలు.

డిస్కార్డ్, స్నాప్‌షాట్

ఫైళ్లు తీసేస్తే పూల్‌కి చోటు తిరిగి రావాలంటే డిస్కార్డ్ కావాలి, అదీ చంక్ మొత్తం ఖాళీ అయితేనే వస్తుంది. మౌంట్ ఆప్షన్‌లో డిస్కార్డ్ పెడితే ప్రతి డిలీట్‌కీ మెటాడేటా పని తగులుతుంది, చిన్న ఫైళ్లు తెగ పుట్టి చచ్చేచోట ఇది బాగా లాగుతుంది. దాని బదులు ఎఫ్‌స్ట్రిమ్ టైమర్ పెట్టి వారానికోసారి, లోడ్ తక్కువున్నప్పుడు నడపండి. కింది ఎస్‌ఎస్‌డీలు ట్రిమ్ (డిస్కు దాకా వెళ్లే డిస్కార్డ్) రాగానే తడబడే రకమైతే ఎల్‌వీచేంజ్‌లో డిస్కార్డ్స్ ఆప్షన్‌ని నోపాస్‌డౌన్ చేయండి: చోటు పూల్‌కి వస్తుంది, డిస్కుకి మాత్రం కబురు వెళ్లదు. ఒకటి గుర్తుంచుకోండి, వెనక్కిచ్చిన చంక్‌లో మళ్లీ రాస్తే అది మళ్లీ మొదటి రకం రైటే. రోజూ చెరిపి రోజూ రాసే స్క్రాచ్ వాల్యూమ్‌కి ట్రిమ్ అక్కర్లేదు.

స్నాప్‌షాట్‌ల విషయంలో ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఎంత తరచుగా తీస్తున్నారన్నది ముఖ్యం. కొత్తది తీసిన ప్రతిసారీ వాల్యూమ్‌లోని చంక్‌లన్నీ మళ్లీ ఉమ్మడి ఆస్తి అయిపోతాయి, ఆ తర్వాత ఒక్కో చంక్ మీద మొదటి రైట్‌కి కాపీ ఖర్చు కట్టాలి. గంటకోసారి తీస్తే గంటకోసారి కడతారు. లేటెన్సీ గ్రాఫ్‌లో సరిగ్గా గంట కొట్టినప్పుడల్లా ఒక దిబ్బ లేచి మెల్లగా దిగుతుంటే ఇంకెక్కడా వెతకొద్దు.

పూల్ పెంచేటప్పుడు వచ్చే చిక్కు

స్ట్రైప్డ్ పూల్ నిండబోతోందని గ్రూప్‌లో ఒక కొత్త డిస్కు చేరుస్తారు, ఎల్‌వీఎక్స్‌టెండ్ కొడతారు, సరిపడా ఎక్స్‌టెంట్లు (ఎల్‌వీఎం చోటు పంచే ముక్కలు) లేవంటుంది. వీజీఎస్‌లో చూస్తే టీబీల ఖాళీ. కారణం, పొడిగింపు కూడా చివరి సెగ్మెంట్ లాగే నాలుగు స్ట్రైప్‌లతో చేయాలని చూస్తుంది, దానికి నాలుగు వేర్వేరు డిస్కుల్లో ఖాళీ కావాలి. ఆటో-ఎక్స్‌టెండ్ (నిండే ముందు పూల్‌ని దానంతటదే పెంచే ఏర్పాటు) కూడా ఇదే గోడకి గుద్దుకుంటుంది. స్ట్రైప్స్ 1 అని చెప్పి పెంచితే పెరుగుతుంది గానీ, కొత్త డేటా అంతా ఆ ఒక్క డిస్కు మీదే పడి, కొంతకాలానికి కొన్ని ఫైళ్లే ఎందుకు నెమ్మదో ఎవరికీ అంతుపట్టదు. పాత డేటాని ఎల్‌వీఎం తనంతట తాను మళ్లీ పంచదు. అందుకే డిస్కులు కొనేటప్పుడే నాలుగేసి జట్లుగా కొనండి, లేదా మొదట్లోనే ప్రతి డిస్కులో కొంత ఖాళీ వదలండి.

ఆటో-ఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ డిఫాల్ట్‌గా 100, అంటే ఆఫ్. 70 పెట్టి, పెంచే శాతం 20 దగ్గర ఉంచండి, మానిటరింగ్ డీమన్ నడుస్తోందో లేదో చూడండి. డేటా పూర్తిగా నిండితే పూల్ డిఫాల్ట్‌గా రైట్లని 60 సెకన్లు పట్టి ఉంచి ఆ తర్వాత ఎర్రర్ ఇస్తుంది. పైనున్న అప్లికేషన్‌కి ఆ నిమిషం హ్యాంగ్ అయినట్టే కనిపిస్తుంది, కొంతమంది దాన్నే పెర్‌ఫార్మెన్స్ సమస్య అనుకుని రెండు రోజులు వెతుకుతారు.

మిగతావి

షెడ్యూలర్ పనిచేసేది థిన్ వాల్యూమ్ మీద కాదు, కింది అసలు డిస్కు మీద. ఎన్‌వీఎంఈకి నన్, తిరిగే డిస్కుకి ఎంక్యూ-డెడ్‌లైన్, అంతే. రీడ్-అహెడ్ వరుస రీడ్లకి మాత్రమే పనికొస్తుంది, బ్లాక్‌డెవ్ సెట్‌ఆర్‌ఏకి ఇచ్చే అంకె 512 బైట్ల సెక్టార్లలో ఉంటుందని మరిచిపోకండి. చాలా పెద్ద పూల్, చిన్న చంక్, ర్యాండమ్ ఐఓ కలిస్తే మ్యాపింగ్ మెటాడేటా మెమరీ కాష్‌లో పట్టక డిస్కు నుంచి చదవాల్సి వస్తుంది. డీఎం-బఫ్‌ఐఓ మాడ్యూల్‌లో మ్యాక్స్ కాష్ సైజ్ బైట్స్ అనే పరామితి ఉంది, దాన్ని పెంచి చూడొచ్చు. ఎన్‌వీఎంఈల మీద కేటాయింపు క్యూ ఒక్కటే అడ్డమని మొదటి టెస్ట్‌లో తేలితే ఒక పెద్ద పూల్ బదులు రెండు మూడు పూల్‌లుగా విడగొట్టండి, ఒక్కోదానికి తన క్యూ తనకి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా చంక్ సైజే తప్పని తేలితే కొత్త పూల్ తప్పదు. వాల్యూమ్‌ని అన్‌మౌంట్ చేసి, కొత్త పూల్‌లో అంతే సైజు వాల్యూమ్ చేసి, డీడీకి కన్వ్=స్పార్స్ ఇచ్చి కాపీ చేస్తే సున్నాల భాగాలని వదిలేస్తుంది కాబట్టి కొత్త వాల్యూమ్ కూడా థిన్‌గానే ఉంటుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కొత్త పూల్‌లో జీరోయింగ్ ఆపేసి ఉండి, డీడీ బ్లాక్ సైజు చంక్ కంటే చిన్నదైతే, చంక్‌లో కొంత భాగం రాసి సున్నాల భాగాన్ని వదిలేస్తుంది, ఆ వదిలేసిన చోట డిస్కు మీది పాత చెత్త బయటపడుతుంది. సున్నాలు ఉండాల్సిన చోట చెత్త ఉంటే కాపీ సరిగ్గా అయినట్టే కనిపించి ఫైల్‌సిస్టమ్ తర్వాతెప్పుడో ఏడుస్తుంది. కాపీ పూర్తయ్యేదాకా జీరోయింగ్ ఆన్‌లోనే ఉంచి, డీడీ బ్లాక్ సైజుని కొత్త చంక్ సైజుకి సమానంగా పెట్టండి, ఆపాలనుకుంటే ఆ తర్వాత ఆపండి.